కవచమే అలంకారం

సాయంకాలం ప్రకాశం బ్యారేజీ మీద కాసేపు నిలబడి, తాడేపల్లి వైపు నుంచి వచ్చే బళ్ళను చూడండి. హెల్మెట్లు బారులు తీరి కదిలిపోతుంటాయి. నల్లవి, బూడిదరంగువి, ముక్కులూ కొమ్ములూ పొడుచుకొచ్చినవి, అంకెలూ అక్షరాలూ కిక్కిరిసినవి. ఆ ఒరిపిడిలో ఎప్పుడో ఒకటి వస్తుంది. పాతకాలపు గుండ్రటి హెల్మెట్. మీగడ తెలుపు. నుదుటి నడుమ నుంచి మెడదాకా ఒకే ఒక్క ఎర్రచార. కింద బుల్లెట్ నిదానంగా దరువేస్తుంటుంది. పడమట కృష్ణలోకి దిగుతున్న ఎండ ఆ గుండ్రదనం మీదికి జారి, ఎడమ చెంప దగ్గర ఒక్క క్షణం నిలిచి, మెరిసి, వెనక్కి ఒరిగిపోతుంది. ఎంత కొద్దిపాటి గీత! ఎంత నిండైన సొగసు! బండి బెజవాడ ఒడ్డు చేరిపోతుంది. ఆ మెరుపు మాత్రం కంటిని వదలదు.

ఆ మెరుపు గురించే ఈ నాలుగు మాటలు. మోటారుసైకిల్ పందేల పాత హెల్మెట్లలో ఒక రసం ఉంది. దాన్ని ఆస్వాదించడానికి ఇంజన్ల సంగతులు తెలియనక్కర్లేదు. కిరీటాన్ని చూసి మురిసే కన్ను ఉంటే చాలు. ఆ కన్ను కృష్ణా తీరంలో పుట్టినవాళ్ళకి ఎవరైనా కొత్తగా నేర్పాలా?

ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మకు చేసే అలంకారాల్లో స్వర్ణకవచం ఒకటి. కవచమంటే యుద్ధానికి తొడిగేది, దెబ్బ కాచేది. మన ఊళ్ళో అదే అలంకారం! కొండ కింద నుంచి గంటల తరబడి నడిచొచ్చిన భక్తుడు ఆ బంగారు కవచం ముందు నిలబడ్డప్పుడు, ఇది రక్షణా, ఇది శోభా అని విడదీసి చూడడు. నిమ్మకూరులో పుట్టిన నందమూరి తారక రామారావు 1957లో ‘మాయాబజార్’లో కృష్ణుడై కిరీటం పెట్టుకుంటే, అది ఆయన తలమీద ఎంత కుదురుగా అమరిందో ఇవాళ్టికీ చెప్పుకునే జనం మనం. తలమీది వస్తువు ఎక్కడ కూర్చోవాలి, ముఖానికి ఎంత చోటు విడవాలి, ఎక్కడ ఆగిపోవాలి అన్నది ఈ నేలకు తరతరాలుగా తెలిసిన లెక్క. పాత హెల్మెట్ అందమంతా ఆ లెక్కలోనే ఉంది. అది తలను కాచడానికి పుట్టింది. కాచడంలోనే అందగించింది.

దాని పుట్టుక చూడండి. ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ పందెపు బాట దగ్గర వైద్యం చేసిన ఎరిక్ గార్డనర్, పగిలిన తలలను చూసి చూసి కదిలిపోయాడు. ఆయన పట్టుబట్టి చేయించిన హెల్మెట్లు 1914లో ఐల్ ఆఫ్ మాన్ దీవి టీటీ పందేల్లో రైడర్ల తలకెక్కాయి. ఏముంది వాటిలో? కాన్వాసు గుడ్డ, దానిమీద లక్క. ఆ రోజుల్లో ప్రపంచానికి లక్క చేరింది ప్రధానంగా మన దేశం నుంచే. ఏటికొప్పాక బొమ్మ చెక్కిలి మీద నున్నగా మెరిసే లక్క, అదే లక్క, చలిదేశపు కుర్రవాడి తలమీద గట్టిపడి వాడి ప్రాణానికి కాపుదల అయింది. చెట్టుకొమ్మ మీద చిన్న పురుగు కట్టుకున్న జిగురు, ఎక్కడి మనిషికి ఎక్కడ అక్కరకొచ్చింది! బొమ్మకు మెరుపూ, తలకు రక్షా ఒకే పదార్థం నుంచి వచ్చాయంటే నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఈ వంశానికి మొదటి తల్లి ఆ లక్కే.

తర్వాత దాదాపు నలభై ఏళ్ళు రాజ్యమేలిన రూపం ఒకటుంది. కొబ్బరిచిప్పను బోర్లించినట్టుండే పొట్టి హెల్మెట్. చెవుల మీదికి తోలు రెక్కలు దిగుతాయి. గడ్డం కింద బకిల్ పడుతుంది. కళ్ళకు గాగుల్స్. అంతకు మించి ఒక్క గీత లేదు. నలుపు తెలుపు ఫోటోల్లో, పందెం ముగిసి బండి దిగిన రైడర్ను చూడండి. గాగుల్స్ నుదుటి మీదికి నెట్టేశాడు. కళ్ళచుట్టూ రెండు తెల్లటి వలయాలు, తక్కిన ముఖమంతా నూనె మసి. పెదవుల మీద అలసటలో ముంచి తీసిన నవ్వు. ఆ పొట్టి హెల్మెట్ అతని ముఖంలో దేన్నీ దాచలేదు. భయం, పొగరు, గెలుపు, పక్కవాడు పడిపోయాడన్న దిగులు, అన్నీ చూసేవారికి వదిలేసింది. ఎంత నిజాయితీ గల వస్తువు! అది కాచింది కొద్దిగానే. ఆ కొద్ది కూడా అప్పట్లో చాలామందికి దక్కలేదు. 1935లో బ్రిటిష్ సైనికాధికారి, రచయిత టి.ఇ. లారెన్స్ తలకు ఏమీ లేకుండా బండి మీంచి పడి చనిపోయాడు. ఆయనకు వైద్యం చేసినవారిలో ఒకరైన హ్యూ కెయిర్న్స్ ఆ మరణాన్ని మరిచిపోలేక, 1941లో హెల్మెట్ల ప్రయోజనం మీద పరిశోధన ప్రకటించాడు. ఈ సొగసు వెనక అంతటి శోకం ఉంది. అందుకే దీన్ని ఉత్త సోకుగా చూడలేను.

ఇక 1954కు రండి. కాలిఫోర్నియాలో బెల్ అనే ఊరు, అక్కడ రాయ్ రిక్టర్ దుకాణం. అక్కణ్ణుంచి వచ్చిందే ‘బెల్ 500’. బ్యారేజీ మీద మన కంటబడ్డ గుండ్రటి హెల్మెట్‌కు తాతలాంటిది. దాన్ని ఎదుటి నుంచి కాక పక్కనుంచి చూడండి. నుదుటి దగ్గర బయలుదేరిన అంచు కణత పక్కగా దిగి, చెవిని కప్పుకుని, దవడ చివర మెత్తగా మలుపు తిరిగి, వెనక మెడ గుంటలోకి ఒదిగిపోతుంది. ఆగదు, తడబడదు, ఎక్కడా మూల తిరగదు. చెంప ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో బాపు బొమ్మలో గీత ఒకే విసురులో చెప్పేస్తుంది చూశారూ, ఆ ధీమా ఈ అంచులో ఉంది. ఒక్క గీత! దాంట్లోనే తల బరువు, మెడ నిలకడ, మనిషి ఠీవి! ఆ తర్వాత ఎన్నెన్నో హెల్మెట్లు వచ్చాయి. ఇంత తక్కువ మాటల్లో ఇంత చెప్పినవి మాత్రం అరుదు.

ఆ ముఖం తెరిచిన హెల్మెట్ రుచి తెలియాలంటే బందరు రోడ్డు ఎక్కాలి. కంకిపాడు దాటగానే గాలి మారుతుంది. ఉయ్యూరు దగ్గర చెరకు తీపి ముక్కుపుటాలకు తగులుతుంది. పామర్రు నుంచి కూచిపూడి మీదుగా చల్లపల్లి వైపు తిరిగితే, సార్వా వరి ఈనే రోజుల్లో చేల మీదుగా పాలకంకుల వాసన తెర వచ్చి ముఖం నిమురుతుంది. పులిగడ్డ అక్విడెక్టు దగ్గర నీటి చల్లదనం గడ్డం కిందుగా పాకుతుంది. హెల్మెట్ తలను కాస్తుంది, ముఖాన్ని డెల్టాకు అప్పజెబుతుంది. ఇరువైపులా పచ్చదనం, నడుమ నల్లటి రోడ్డు, దానిమీద మెల్లగా సాగిపోయే ఒక తెల్లటి చుక్క! దూరం నుంచి చూసేవాడికి అదొక చిత్రం. లోపలున్నవాడికి అదొక స్నానం.

అరవయ్యో దశకం చివర ‘బెల్ స్టార్’ వచ్చింది. ముఖం మొత్తాన్ని మూసి, కళ్ళ ముందు మాత్రమే కిటికీ తెరిచిన హెల్మెట్. కార్ల పందేల్లో డాన్ గర్నీ 1968లో అలాంటిది పెట్టుకుని నూర్బర్గ్‌రింగ్‌లో దిగినప్పుడు చూసినవాళ్ళకు వింతగానే ఉండి ఉంటుంది. ముఖం పోయింది కదా, అందం కూడా పోయిందనుకుంటాం. అక్కడే తమాషా జరిగింది. పెదవి దాగింది, చెంప దాగింది, మిగిలినవి రెండు కళ్ళు. కూచిపూడి చూసినవాళ్ళకు తెలుసు, చూపొక్కటే చాలు సమస్తం చెప్పడానికి. భామాకలాపంలో సత్యభామ కనురెప్ప ఎత్తితే సభ అంతా ఆ రెప్పకే కట్టుబడదూ! పందెం మొదలయ్యే ముందు, జెండా ఊపబోయే ఆ నిమిషంలో, ఇరుకు కిటికీలోంచి కనబడే ఆ రెండు కళ్ళను పాత ఫోటోల్లో చూడండి. ఎంత నిశ్శబ్దం! ఎంత మంట! మూసిన హెల్మెట్ ముఖాన్ని తీసుకుని చూపును ఇచ్చింది.

ఆ రోజుల్లోనే ఇటలీలో ఏజీవీ వాళ్ళు జాకొమో అగొస్తినీకి చేసిన హెల్మెట్‌ను తలుచుకుంటే నాకు మాటలు చాలవు. పదిహేను ప్రపంచ టైటిళ్ళు, 122 గ్రాండ్ ప్రి విజయాలు ఉన్న మహారైడర్. గాలిని కోస్తూ ట్యాంకు మీద ఛాతీ ఆన్చి పడుకుంటే గడ్డం దగ్గర హెల్మెట్ అడ్డొచ్చేదట. అందుకని ఆ భాగాన్ని లోపలికి మలిచి, ట్యాంకు మీదికి మరింత వంగే వీలు కల్పించారు. ఆ మలుపే దానికి ప్రాణం. ఎవరూ అందం కోసం చెక్కలేదు. వంగిన శరీరం కోరింది, హెల్మెట్ ఒప్పుకుంది. దాన్ని బల్లమీద పెట్టి చూసినా, ఇప్పుడో ఇంకాసేపటికో ముందుకు దూకేటట్టే ఉంటుంది!

ఇక రంగులు. ముఖం దాగాక మనిషిని పోల్చుకునేదెలా? రంగే ముఖమైంది. గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో మెరుపులా పోయే తలను గుర్తుపట్టాలంటే గీత తేటగా ఉండాలి, రంగు నిబ్బరంగా నిలవాలి. అగొస్తినీ తలమీద ఇటలీ జెండా మూడు రంగులు. మైక్ హేల్‌వుడ్‌కు తెలుపు మీద ఎరుపు, బంగారం. పదకొండేళ్ళ విరామం తర్వాత, ముప్ఫై ఎనిమిదో ఏట 1978లో డుకాటీ ఎక్కి ఐల్ ఆఫ్ మాన్‌కు తిరిగొచ్చి ఆయన గెలిచినప్పుడు, జనం ముందు చూసింది ఆ ఎరుపునీ ఆ బంగారాన్నీ. ఎన్నేళ్ళకు ఊళ్ళోకొచ్చినా నడక చూసి మనవాణ్ణి పోల్చుకుంటామే, అలా! 1976, 1977 సంవత్సరాల్లో జగజ్జేత అయిన బ్యారీ షీన్ నల్లటి హెల్మెట్ ముందు డొనాల్డ్ డక్ బొమ్మ వేయించుకున్నాడు. చుట్టూ బంగారు గీతలు. మృత్యువుకు ఎదురుగా వెళ్ళే మనిషి నుదుట పసివాళ్ళ బొమ్మ! ఆ ఒక్క బొమ్మలో షీన్ కొంటెతనం, గుండెధైర్యం, లోకమంటే ఉన్న ఇష్టం మూడూ ఒదిగాయి. తర్వాతి కాలంలో డిజైనర్ ఆల్డో డ్రూడీ చేతిరంగుల్లో రైడర్ రోస్సీ తలకెక్కిన సూర్యచంద్రులు ఈ కొంటెతనానికి వారసులే.

గ్రాహం హిల్ కార్ల పందేలవాడే. అయినా ఆయన్ని దాటిపోలేను. ముదురు నీలం హెల్మెట్. పైన చుట్టూ నిలువుగా తెల్లటి తెడ్ల గుర్తులు. లండన్ రోయింగ్ క్లబ్బులో పడవ నడిపిన రోజులను ఆయన అలా తలకెత్తుకున్నాడు. 1962లో, 1968లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆయన పోయాక కొడుకు డేమన్ అవే తెడ్లు, అదే నీలంతో బరిలోకి దిగి 1996లో ఛాంపియన్ అయ్యాడు. పడవా తెడ్డూ ఎరిగిన కృష్ణ ఒడ్డువాళ్ళకు ఆ నీలం మీది తెలుపు ఎంత దగ్గరి చుట్టమో! ఇంటిపేరు పత్రాల్లో దిగుతుంది. ఇక్కడ తండ్రి పేరు రంగులో దిగింది.

మన దక్షిణాదికీ ఒక పందెపు బాట ఉండేది. విజయవాడ మీదుగా పోయే పాత కలకత్తా-మద్రాసు రోడ్డునే పట్టుకుని నెల్లూరు, సూళ్ళూరుపేట, తడ దాటి వెళ్తే, మద్రాసు రాకముందే షోలవరం వస్తుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ పందేలు నడిపింది. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ట్రాక్ వచ్చేదాకా ఈ వైపు వేగానికి అదే తీర్థం. దిగుమతి వస్తువు గగనకుసుమమైన కాలం అది. ఆ కాలపు మన హెల్మెట్లలో ఉన్నదేదో కొంచెమే, ఆ కొంచెంలోనే పౌరుషం. తెల్లటి డొప్ప మీద చేత్తో దిద్దిన ఒక అంకె చాలు. ఎండకు మరిగిపోతున్న రన్‌వే మీద ఆ అంకెకు ఉన్న నిండుదనం ఇవాళ్టి పది స్టిక్కర్లకు లేదు.

మన ఇళ్ళ అటకల మీద కూడా ఆ కాలం దాక్కుని ఉంది. ఎనభైల నాటి ఫైబర్ హెల్మెట్ ఒకటి నా దగ్గరుంది. బుల్లెట్ ఉన్న ఇంట్లోనో, జావా ఉన్న ఇంట్లోనో మీరూ చూసే ఉంటారు. చేతిలోకి తీసుకోండి. అంచు చుట్టూ నల్లటి రబ్బరు బీడింగు, ఒకచోట కాస్త ఊడి వచ్చింది. నుదుటి మీద నీడపట్టే క్యాపు మూడు టిచ్ బటన్లతో నిలుస్తుంది. తీసి పెడుతుంటే ‘టిక్’మనే ఆ చిన్న చప్పుడులో ఎంత తృప్తి! బెల్టు కొస రెక్సిన్ పెచ్చులూడింది. లోపలి గుడ్డ నుదురు తగిలే మేర తేనెరంగుకు తిరిగింది. కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే తెల్లరంగు అడుగున సాలెగూటి పోగుల్లాంటి సన్నని బీటలు పైకి తేలతాయి. ఎన్ని వేసవులు తాగితే ఆ బీటలు పడ్డాయో! బెజవాడ ఎండలన్నీ అందులో ఇంకి ఉన్నాయి. వేలితో తడిమితే ఇంకా నునుపే. కంటికి ముసలితనం, చేతికి యవ్వనం. ఈ రెంటి మధ్య దూరమే పాతవస్తువులోని రసం.

హెల్మెట్ మీద గీత దిద్దే విద్య మనకు కొత్తదీ కాదు. ఆటోనగర్‌లో లారీ క్యాబిన్ మీద లైన్లు లాగే పెయింటర్ పక్కన ఒక పూట నిలబడండి. పుట్టీ ఆరింది, నీళ్ళపేపరు పట్టారు, డ్యూకో కొట్టారు, అద్దంలా తేరింది. ఇక లైను. పొడుగాటి మెత్తటి వెంట్రుకల బ్రష్షు రంగులో ముంచి, డబ్బా అంచుకు ఒకసారి ఒత్తి, చిటికెనవేలు రేకు మీద ఆన్చి, ఊపిరి బిగబట్టి లాగుతాడు. స్కేలు లేదు, టేపు లేదు. ఎర్రగీత మొదలైన చోట ఎంత సన్నమో ముగిసిన చోటా అంతే సన్నం! పక్కనే పసుపు, రెంటికీ నడుమ వెంట్రుకవాసి ఖాళీ. గీత పూర్తయ్యాక గానీ ఊపిరి వదలడు. చూస్తున్న మనమూ వదలం. హేల్‌వుడ్ ఎరుపు బంగారాల ముందు పెట్టడానికి మన దగ్గర ఈ చెయ్యి ఉంది. కొండపల్లి బొమ్మకు కన్ను దిద్దే చెయ్యి, బందరు కలంకారీ అచ్చు మీద తీగ చెక్కే చెయ్యి, అన్నీ ఈ గీతకు బంధువులే.

కొన్నేళ్ళుగా పాత రూపం మళ్ళీ తిరిగొచ్చింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ షోరూముల్లో, ఏలూరు రోడ్డు దుకాణాల్లో గుండ్రటి హెల్మెట్లు వరుసగా కనిపిస్తున్నాయి. ఆలివ్ పచ్చ, మీగడ తెలుపు, ముదురు మెరూన్. వీటిలో మేలైనదాన్ని ఎంచడానికి నాకు తెలిసిన పద్ధతి ఒకటే. రంగును మరిచిపోయి పక్కనుంచి అంచును చూడండి. నుదుటి నుంచి దవడ దాకా చూపు అడ్డులేకుండా జారిందా, అది మంచి హెల్మెట్. పాతదనాన్ని పైన పూసుకుని, ఉత్తుత్తి గీతలూ కృత్రిమపు మరకలూ వేసుకున్నది ఎక్కువ కాలం మనసుకు ఆనదు. పాతవాళ్ళు ప్రతి గీతనూ అవసరం చేతిలో పెట్టి గీశారు. ఆ క్రమశిక్షణ అబ్బినదే నిజమైన రెట్రో.

ముగించే ముందు ఒక జాగ్రత్త. అటక మీది పాత హెల్మెట్‌ను అపురూపంగా చూసుకోండి, బండెక్కేటప్పుడు మాత్రం పెట్టుకోకండి. లోపలి థర్మోకోల్ కాలంతో సత్తువ కోల్పోతుంది. ఐదేళ్ళకోసారి మార్చుకోమని తయారీదారులే చెబుతారు. కొత్త ప్లాస్టిక్ డొప్ప మీద తోచిన రంగూ కొట్టించకండి, థిన్నర్ దాన్ని తినేస్తుంది. రోడ్డుకు ఐఎస్ఐ గుర్తున్న కొత్తదే కావాలి. 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్ అమ్మడమే చట్టవిరుద్ధం.

ఇంతకీ ఈ అందం ఎందుకంటారా? మన రోడ్ల మీద చూడండి. ఎన్ని హెల్మెట్లు మోచేతికి వేలాడుతున్నాయి, ఎన్ని ట్యాంకు మీద కూర్చుని ప్రయాణం చేస్తున్నాయి! ఉక్కబోతొకటే కారణం కాదు. ఫైనుకు జడిసి కొన్న వస్తువు మీద మనసు ఉండదు. మనసుపడి కొన్నదాన్ని ఎవరూ మోచేతికి తగిలించరు, కిరీటంలా తలకెత్తుకుంటారు. కాబట్టి మీ పిల్లవాడికో పిల్లకో బండి కొనిచ్చిన రోజున, దుకాణంలో హెల్మెట్‌ను వాళ్ళనే ఎంచుకోనివ్వండి. గీత చూడమనండి, రంగు చూడమనండి, అద్దం ముందు తిప్పి తిప్పి చూసుకోమనండి. నచ్చిందని కళ్ళు మెరిశాక, ఐఎస్ఐ గుర్తు చూసి డబ్బు కట్టండి. గడ్డం కింద బెల్టు మాత్రం మొదటిసారి మీ చేత్తోనే బిగించండి.